సూదితో బతికే నాకు సూదుల వైద్యం

మాది చండూరు. పంతొమ్మిదేళ్లుగా బ్లౌజులు కుడుతున్నాను. సూది అంటే నాకు భయం లేదు, మిషన్ సూది గోట్లో దిగితే కట్టు కట్టుకుని మళ్లీ కూర్చున్న రోజులున్నాయి. అలాంటి దాన్ని ఈ ఏప్రిల్‌లో నల్లగొండలో ఒక బల్ల మీద, వెంట్రుకంత సూదులకే చల్లటి చెమటలు పట్టి కళ్లు తేలేశాను. తప్పు సూదులది కాదు, నాదే. ఆ సంగతి దాని వరసలో చెప్తాను.

నా జబ్బు పేరు ఫైబ్రోమయాల్జియా, ఒళ్లంతా నొప్పులుండే జబ్బు. ఆ పేరు నోరు తిరగడానికి నాకు వారం పట్టింది. మా అత్తమ్మ ఇప్పటికీ "ఆ ఫైబర్ రోగం" అనే అంటుంది.

మొదలైంది 2022 దసరాకు. బతుకమ్మ ముందు పదిహేను రోజుల్లో 70 బ్లౌజులు కుట్టాను. రాత్రి ఒంటిగంట దాకా మిషన్ తొక్కితే మెడ పట్టేయడం మామూలే. ప్రతి ఏడూ పండుగ పోయాక నాలుగు రోజులు ఉప్పు కాపడం పెట్టుకుంటే పోయేది. ఆ ఏడు పండుగ పోయింది, నొప్పి ఉండిపోయింది. మెడ నుంచి భుజాలకు, భుజాల నుంచి నడుముకు, సంక్రాంతి నాటికి తుంటికి, మోకాళ్ల లోపలి వైపుకు దిగింది. పొద్దున లేస్తే రాత్రంతా ఎవరో రోకలితో దంచినట్టుండేది. ఎనిమిది గంటలు పడుకున్నా నిద్రపోయిన మనిషిలా ఉండేదాన్ని కాదు. చంటిపాపను ఎత్తుకుంటే ఆమె మోకాలు తగిలినచోట కూడా అరగంట సలిపేది.

నొప్పి కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది మతిమరుపు. కొలతల పుస్తకంలో 38 అని నా చేత్తో నేనే రాసుకుని, 36కి కత్తిరించాను. అది ఒక పెళ్లికూతురి పట్టు బ్లౌజు. గుడ్డకు 900 కట్టిచ్చాను, ఆ ఇంటివాళ్లు మళ్లీ మా గడప తొక్కలేదు.

ఇంట్లో ఎవరి మాట వాళ్లది. "మిషన్ పని జర తగ్గియ్యరాదు" అని మా ఆయన. "నాట్లేసొచ్చి వడ్లు దంచినోళ్లం, మాకు లేని నొప్పులు నీకేంది బిడ్డా" అని అత్తమ్మ. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటే రెండు రోజులు హాయిగా ఉండేది, మూడోరోజు మళ్లీ మొదలు. సూదికి 100 చొప్పున నలభైకి తక్కువ వేయించుకుని ఉండను. చివరికి కడుపులో మంట పట్టుకుని అది మానేశాను.

2023 ఫిబ్రవరిలో నల్లగొండలో ఎముకల డాక్టరు దగ్గరికి పోయాను. ఎక్స్‌రే తీసి మెడ అరిగిందన్నారు. మెడకు పట్టీ, పదిహేను రోజుల గోలీలు. తగ్గలేదు. ఇంకో డాక్టరు 6,500 పెట్టి ఎమ్మారై తీయించారు. మామూలుగానే ఉంది. రక్తపరీక్షలు కూడా చేయించారు. థైరాయిడ్ బాగుంది, కీళ్లవాతం పరీక్ష బాగుంది, విటమిన్ డి మాత్రం తక్కువ, 14 ఉంది. వారానికొక పొడి ప్యాకెట్ పాలల్లో కలుపుకుని ఎనిమిది వారాలు తాగాను. కొంచెం ఓపిక వచ్చిందే తప్ప నొప్పి కదల్లేదు. "రిపోర్టులన్నీ నార్మల్. టెన్షన్ తగ్గించుకోండమ్మా" అన్నారాయన, నా మొహం చూడకుండానే. రిపోర్టులు నార్మల్ అంటే సంతోషపడాలి కదా, నాకు మెట్లు దిగుతూ ఏడుపొచ్చింది. ఏదో ఒకటి బయటపడితే బాగుండు అనుకున్నాను. ఇట్లా అనుకోవడం ఎంత పాపమో అని మళ్లీ భయపడ్డాను.

ఇక్కడ మా నీళ్లలోని ఫ్లోరిన్ గురించి చెప్పాలి. నల్లగొండ జిల్లా మనిషికి బొక్కల్లో నొప్పి అంటే మొదట అందరి నోట వచ్చేది ఆ మాటే. మా తల్లిగారిల్లు మర్రిగూడ మండలం. మిషన్ భగీరథ నల్లా నీళ్లు రాకముందు నా చిన్నతనమంతా బోరునీళ్లే. మా పెదనాన్న నడుం వంగిపోయి, తల పక్కకు తిప్పాలంటే మనిషంతా తిరగాల్సి వచ్చేది. నాకూ అదే రాసిపెట్టి ఉందని లోపల లోపల ఖాయం చేసుకున్నాను, ఎవరికీ చెప్పలేదు. జూన్‌లో ఒక పెద్ద డాక్టరు ఆ అనుమానంతోనే మూడు పనులు చేయమన్నారు. గదుమ ఛాతీకి ఆనించాలి. రెండు చేతులూ తల వెనక్కి పెట్టుకోవాలి. మోకాళ్లు వంచకుండా కింద ఉన్న రూపాయి బిళ్ల తీయాలి. మూడూ చేశాను, పళ్లు కొరుక్కుంటూ చేశాను. "ఫ్లోరిన్ ముదిరితే కీళ్లు బిగుసుకుపోయి ఇవి చేయలేరమ్మా, నీకు నొప్పి ఉంది గానీ బిగువు లేదు" అన్నారు. ముంజేతి ఎక్స్‌రే తీయించారు, అందులోనూ ఏం లేదు. హైదరాబాద్‌లో రుమటాలజీ, అంటే కీళ్లవాతాలు చూసే డాక్టరుకు చూపించమని చీటీ రాసిచ్చారు. ఆ చీటీ ఆరు నెలలు నా కొలతల పుస్తకంలోనే ఉంది. పైసలు ఒక కారణం, మళ్లీ "నార్మల్" అంటారేమోనన్న భయం రెండో కారణం.

2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయ్యాక కదిలాను. జనవరి 23న పొద్దున బస్సెక్కి, ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుని, తొమ్మిదిన్నరకు ఆసుపత్రిలో ఉన్నాను. టోకెన్ 43. లోపలికి పిలిచేసరికి రెండూ నలభై. ఫీజు 700. ఆరోగ్యశ్రీ కార్డు చూపిస్తే, అడ్మిట్ అయ్యే జబ్బు కాదు కాబట్టి పనికిరాదన్నారు కౌంటర్‌లో. ఇంటి నుంచి చద్దర్ ఒకటి తీసుకుపోతే మంచిది, ఆ ఇనుప కుర్చీల్లో ఐదు గంటలు మన నొప్పులకు కష్టం.

డాక్టరమ్మ మొదట ఒక కాగితం ఇచ్చింది. మనిషి బొమ్మ, పందొమ్మిది చోట్లు. వారం రోజుల్లో నొప్పి ఉన్నచోటల్లా టిక్ పెట్టమంది. 13 పెట్టాను. అలసట, పొద్దున లేచాక ఎట్లా ఉంటుంది, మతిమరుపు గురించి అడిగింది. మతిమరుపు సంగతి అడిగిన మొదటి డాక్టరు ఆమె. 36, 38 కథ మొత్తం చెప్పేశాను.

తర్వాత బల్ల మీద కూర్చోబెట్టి బొటనవేలితో నొక్కడం మొదలుపెట్టింది. ముందు నుదుటి మీద నొక్కి, "నొప్పా, ఒత్తిడా?" అంది. ఒత్తిడే. అప్పుడు తల వెనక పుర్రె మెడలో కలిసేచోట నొక్కింది. "అమ్మో" అన్నాను. మెడ ముందు కింది భాగం, మెడకూ భుజం చివరకూ నడిమధ్య, రెక్క బొక్క పైన, ఛాతీ పైభాగంలో రెండో పక్కటెముక దగ్గర, మోచేయి బయటివైపు కొంచెం కింద, పిరుదు పైన బయటివైపు, తుంటి బొక్క వెనక, మోకాలి లోపలి మెత్తటి చోటు. తొమ్మిది చోట్లు, కుడి ఎడమ కలిపి పద్దెనిమిది. నేను రోజూ టేపు పెట్టే చోట్లే సగం. పక్కటెముక దగ్గర నాకు నొప్పి ఉందని నాకే తెలియదు, అక్కడ నొక్కితే మాత్రం చెయ్యి పట్టుకుని తోసేశాను. మొత్తం 14 చోట్ల నొప్పి అని రాసుకుంది.

ఆమె చెప్పినదాని ప్రకారం 1990లో పెట్టిన లెక్క ఇది. బొటనవేలి గోరు తెల్లబడేంత, అంటే సుమారు 4 కిలోల బరువుతో నొక్కాలి, 18లో కనీసం 11 చోట్ల నొప్పి ఉండాలి, ఒళ్లంతా నొప్పి మూడు నెలలకు తగ్గకుండా ఉండి ఉండాలి. 2010 తర్వాత ఈ నొక్కుడు లెక్క తప్పనిసరి కాదు, ఆ బొమ్మ కాగితం, నిద్ర, అలసట ప్రశ్నలతోనే తేలుస్తారు. "మరెందుకు నొక్కిన్రు మేడం?" అన్నాను. నవ్వి, "నీకు నమ్మకం కుదరాలని" అంది. నిజంగానే కుదిరింది. ఇంటికొచ్చాక మా చిన్నది కిరాణం షాపు కాంటా మీద బొటనవేలు నొక్కి 4 కిలోలు చూపించింది. ఆ మాత్రం ఒత్తిడికి మామూలు మనిషి మొహం కూడా చిట్లించడు. మా ఆయన భుజం మీద అంతే బరువుతో నొక్కితే "ఏం చేస్తున్నవ్?" అన్నాడు. నా భుజం మీద తనే నొక్కి, నేను ఎగిరిపడటం చూసి, ఆ రాత్రి అన్నం తానే వండాడు. పదిహేను నెలల్లో అదొక్కటి నేను మర్చిపోను.

కండరాలు, బొక్కలు బాగానే ఉన్నాయి, నొప్పి కబురు మోసే నరాలు, అందుకునే మెదడు దాన్ని పెంచి చూపిస్తున్నాయి, రేడియో సౌండ్ పెంచినట్టు అని డాక్టరమ్మ చెప్పింది. నాకు బస్సులో వస్తుంటే మిషన్ గుర్తొచ్చింది. మిషన్‌కు దారం టెన్షన్ అని ఉంటుంది. రెండు బిళ్లల మధ్య నుంచి దారం పోతుంది, ముందున్న మర ఎక్కువ బిగిస్తే గుంజేస్తుంది. గుడ్డ మంచిదే, సూది మంచిదే, దారం మంచిదే, కుట్టు మాత్రం ముడతలు పడుతుంది. ఆ గుడ్డను ఎన్ని ఎక్స్‌రేలు తీస్తే ఏం కనపడుతుంది? నల్లగొండ డాక్టరు కూడా టెన్షన్ అనే అన్నాడు పాపం, వేరే టెన్షన్.

గోలీలు పడలేదు. మొదట ప్రీగాబలిన్ 75, రాత్రి పూట. వారం రోజులు నేల మీద కాలు ఆనకుండా తేలినట్టుండేది, మిషన్ తొక్కడం ఆపేశాను. తల తిరుగుడు తగ్గింది కానీ రెండు నెలల్లో ఐదు కిలోలు పెరిగాను. నా బ్లౌజుల కుట్లు నేనే విప్పుకున్నాను. మార్చిలో చూపించుకుంటే అది మెల్లమెల్లగా తగ్గించి, అమిట్రిప్టిలిన్ 10 రాసింది. దీనికి నోరు ఎండిపోతుంది గానీ తట్టుకోవచ్చు. గోలీల కంటే నడక ముఖ్యమని రెండుసార్లూ చెప్పింది. రోజుకు పది నిమిషాలతో మొదలుపెట్టి పెంచాలి. ఒళ్లు నొప్పి అని వస్తే నడువు అంటుందేమిటి అని మనసులో తిట్టుకున్నాను. నడవలేదు కూడా.

అప్పుడు నా దగ్గర కుట్టించుకునే టీచరమ్మ ఆక్యుపంక్చర్ సంగతి చెప్పింది. నల్లగొండలో ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌కు సోమవారం, గురువారం ఒక మేడం వస్తుంది. డాక్టరమ్మకు ఫోన్ చేసి అడిగితే, "చేయించుకో, కానీ గోలీలు మానొద్దు. సూదులు నీ ముందే కొత్త ప్యాకెట్ విప్పాలి, వాడినవి పడేయాలి" అంది. రక్తం పలచబడే మందులు వాడుతున్నానా అని కూడా అడిగింది. రిజిస్ట్రేషన్ 200, సిట్టింగ్‌కు 400. పది సిట్టింగ్‌లు చూడమన్నారు.

ఏప్రిల్ 4, గురువారం. గురువారం నాకు బాబా ఒక్కపొద్దు. పొద్దున చాయ్ తాగి, ఎండలో బస్సు దిగి, ఖాళీ కడుపుతో పోయి పడుకున్నాను. తిన్నావా అని అడిగితే మొహమాటానికి తిన్నానన్నాను. ప్యాకెట్ విప్పి సూదులు చూపించింది. పావు మిల్లీమీటరు మందం. నేను వాడే 14 నంబరు మిషన్ సూదిలో మూడోవంతు కూడా లేదు. ఇదేం సూది అనుకున్నాను. పన్నెండు పెట్టింది. పదోది పెట్టేసరికి చెవుల్లో గుయ్‌మంది, చెమటలు పట్టాయి, పైనున్న ఫ్యాను దూరంగా పోయింది. మేడం గబగబా సూదులు తీసేసి, కాళ్లు పైకెత్తి, గ్లూకోజు నీళ్లు తాగించింది. తర్వాత తిట్టింది. రెండు గంటల ముందు తిని పోవాలి, కడుపు నిండా కాకుండా, ఖాళీగా కాకుండా. ఆ సిట్టింగ్ డబ్బులు తీసుకోలేదు కానీ లెక్కలో వేసుకుంది.

నాకు ఇంకో ఆశ్చర్యం. డాక్టరమ్మ నొక్కిన ఆ పద్దెనిమిది చోట్లే సూదులు పెడతారని నేను అనుకున్నాను. కొలతల పుస్తకం వెనక బొమ్మ గీసి, చుక్కలు పెట్టుకుని మరీ తీసుకుపోయాను. మేడం చూసి పక్కన పెట్టింది. అవి జబ్బు పోల్చుకోవడానికి డాక్టర్లు పెట్టుకున్న చోట్లు, చైనా వైద్యంలో సూది పెట్టే చోట్లు వేరు అంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, మోచేయి మడత చివర, మోకాలి చిప్ప కింద నాలుగు వేళ్లు దిగువన, చీలమండ లోపలివైపు పైన, పాదం మీద బొటనవేలి పక్క సందులో. భుజం మీద ఒకటి రెండు చోట్లు మాత్రం రెండు లెక్కల్లోనూ దగ్గర దగ్గరగా ఉంటాయట, కానీ అక్కడ లోతుగా దింపితే కింద ఊపిరితిత్తి ఉంటుంది కాబట్టి జాగ్రత్తగా పైపైనే పెడుతుంది. ఇది విన్నాక, తెలియని చేతికి నా భుజం ఇవ్వకూడదనుకున్నాను.

గుచ్చేటప్పుడు చీమ కుట్టినంతే. తర్వాత లోపల ఒక బరువు, తిమ్మిరి పాకుతుంది. అది వచ్చిందా అని మేడం ప్రతి సూదికీ అడుగుతుంది. అసలు కష్టం ఆ తర్వాత ఇరవై ఐదు నిమిషాలు కదలకుండా ఉండటం. రెండోసారి ముక్కు మీద ఈగ వాలింది. రెండు చేతులకూ సూదులున్నాయి. ఊదుతూ పడుకున్నాను.

రెండోది ఉగాది ముందురోజు, 8న. ఆ మర్నాడు పచ్చడి కలపడానికి కూడా చెయ్యి లేవలేదు, నొప్పి ఇంకా ఎక్కువైంది. మానేద్దామనుకున్నాను. 11న రంజాన్‌కు క్లినిక్ మూసి ఉండటం మంచిదే అయింది, ఆ వారంలో కోపం చల్లారింది. 15న మూడోది. ఆ రాత్రి పదింటికి పడుకుని ఐదింటికి లేచాను. మధ్యలో ఒక్కసారి కూడా మెలకువ రాలేదు. లేచి కాసేపు భయమేసింది, ఇంత నిద్ర ఎట్లా పట్టిందని.

నాలుగోసారి నుంచి సూదులకు క్లిప్పులు తగిలించి సన్నగా కరెంటు పెట్టింది. షాకేమీ కొట్టదు, కండ లోపల టుక్కు టుక్కుమని కొట్టుకుంటుంది, మా మిషన్ మెల్లగా తొక్కినట్టు. ఐదోసారికి పొద్దున ఒళ్లు పట్టేసినట్టుండటం గంటన్నర నుంచి అరగంటకు వచ్చింది. ఆరోది ఏప్రిల్ 25న. ఆ రోజు బస్టాండ్‌లో కుచ్చిళ్లు సర్దుకుంటుంటే చీలమండ దగ్గర ఏదో తగిలింది. చూస్తే సూది, అక్కడే ఉంది! నేనే పీకేసుకుని కాగితంలో చుట్టుకుని వెనక్కి పోయాను. మేడం మొహం తెల్లబోయింది. గుండుసూదులు లెక్కపెట్టకుండా ఏ బ్లౌజూ గిరాకీకి ఇవ్వను నేను, నా ఒంటి మీదివి లెక్కపెట్టుకోలేదు. ఆ రోజు నుంచి పెట్టేటప్పుడు పైకే లెక్కపెడతాను, తీసేటప్పుడూ పెడతాను. చీరలో పోవద్దు, వదులు సల్వార్ మేలు, పైకి మడుచుకోవచ్చు, ఏదైనా మిగిలితే కనపడుతుంది. గాజులు ఇంట్లోనే పెట్టి పోవాలి.

తొమ్మిదోది మే 6న అయింది. 9న మేడం రాలేదు, 13న ఓట్లు. బస్సుల్లో కాలు పెట్టే సందు లేదు. పదోది 16న. మొత్తం సిట్టింగ్‌లకు, రిజిస్ట్రేషన్‌కు 3,800 అయింది. బస్టాండ్ నుంచి ఆటోకు ఇంకో 400. పది రోజులు మధ్యాహ్నం దాకా షాపు మూసిన నష్టం వేరే.

నొప్పికి పదికి ఎంత అని రోజూ పుస్తకంలో రాసుకున్నాను. మొదలుపెట్టేటప్పుడు 8. మే చివర 5. ఆ ఐదులో ఏం జరిగిందంటే, నిద్ర పట్టేసరికి పొద్దున లేవగలిగాను, లేవగలిగేసరికి డాక్టరమ్మ చెప్పిన నడక మొదలుపెట్టాను. పది నిమిషాల నుంచి జూన్‌కు ముప్పై నిమిషాలు అయింది. సూదులు చేసింది ఎంత, నడక చేసింది ఎంత, అమిట్రిప్టిలిన్ చేసింది ఎంత అంటే నేను విడదీయలేను.

మా పెద్దది బీఫార్మసీ చదువుతోంది. 2013లో వచ్చిన కాక్రేన్ సమీక్ష ఒకటి, అంటే జరిగిన పరిశోధనలన్నీ కలిపి తూచి చెప్పేది, ఫోన్‌లో చూసి చెప్పింది. 9 పరిశోధనలు, 395 మంది రోగులు. ఏ వైద్యమూ లేకపోవడం కంటే సూదులు మేలే, కానీ ఉత్తుత్తి సూదులు పెట్టినవాళ్లకూ దాదాపు అంతే తగ్గిందట. కరెంటు పెట్టిన సూదులు మామూలు వాటికంటే నయం. గుణం నెల దాకా ఉంటుంది, ఆరు నెలలకు నిలవదు. "అంటే నీది ఉత్తుత్తిదేమో అమ్మా" అంది. "ఆ నిద్ర ఉత్తుత్తిది కాదే" అన్నాను. జూన్‌లో డాక్టరమ్మను అడిగితే ఆమె కూడా ఇంచుమించు ఇదే చెప్పింది, "డబ్బు భారం కాకపోతే చేయించుకో, అప్పు చేసి మాత్రం వద్దు" అంది.

నెల అన్నది నా విషయంలో కొంచెం అటూ ఇటూ నిజమే. జులై మధ్యలో పుస్తకంలో 6 కనపడింది, ఆగస్టులో వానలు పట్టాక రెండుమూడు రోజులు 7. కానీ 8 మళ్లీ రాయలేదు. ముసురు పట్టినా నడక మానలేదు, వాన పడితే షాపులోనే ఈ గోడ నుంచి ఆ గోడకు. ఈ బతుకమ్మకు 45 బ్లౌజులే ఒప్పుకున్నాను. గంటకోసారి లేచి భుజాలు తిప్పుతున్నాను. ఈసారి ఏ కొలతా తప్పలేదు, రాసిన అంకె పక్కనే చాక్‌తో గుడ్డ మీద కూడా రాసుకుంటున్నాను.

దీపావళి తర్వాత ఇంకో ఐదు సిట్టింగ్‌లు చేయిద్దామని మొన్న క్లినిక్‌కు ఫోన్ చేశాను. నా పేరు వినగానే రిసెప్షన్ అమ్మాయి "సూది ఎత్తుకపోయిన అక్కనా?" అంది. గురువారం ఖాళీ ఉంది, రమ్మంది. గురువారం వద్దమ్మా అని, నవంబర్ 4, సోమవారం రాయించుకున్నాను.